యూకే స్పౌజ్ వీసా దరఖాస్తులో పిల్లల వివరాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

బ్రిటన్‌లో ఉన్న భర్త దగ్గరకో భార్య దగ్గరకో వెళ్లేటప్పుడు జీతం స్లిప్పులు, పెళ్లి ఫొటోలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఒకటికి పదిసార్లు సరిచూసుకుంటాం. పిల్లల గురించి అడిగే పేజీని మాత్రం రెండు నిమిషాల్లో నింపేస్తాం. రెండో పెళ్లి అయితే ఆ పేజీ దగ్గర చెయ్యి ఆగుతుంది. పాత సంసారం సంగతి ఇప్పుడెందుకన్న మొహమాటం. నేనూ అలాగే ఆగాను. నా తొమ్మిదేళ్ల కూతురు నాతో వస్తోంది. మావారి మొదటి పెళ్లి పిల్లలిద్దరూ ఇంగ్లండ్‌లోనే వాళ్లమ్మ దగ్గర ఉన్నారు. ఆ తర్వాత తెలిసినవాళ్లు అడిగిన ప్రశ్నలు, నేను నేర్చుకున్నవి ఇక్కడ రాస్తున్నాను. నేను లాయర్‌ని కాను. చిక్కు కేసు అయితే బ్రిటన్‌లో గుర్తింపు ఉన్న ఇమిగ్రేషన్ సలహాదారును అడగండి.

మా ఆయనకు మొదటి భార్యతో ఇద్దరు పిల్లలు. వాళ్లు ఆమె దగ్గరే ఉంటారు. మా వీసాకు వాళ్లతో సంబంధం లేదు కదా, చెప్పాలా?

చెప్పాలి. ఫారంలో పేరుండటం వేరు, ప్రయాణంలో ఉండటం వేరు. పిల్లల గురించి ఎక్కడ అడిగినా మీ పిల్లలు, మీవారి పిల్లలు, ఇద్దరికీ కలిపి పుట్టినవాళ్లు, ఎవరినీ వదలకండి. పేరు, పుట్టిన తేదీ, ఏ దేశ పౌరులు, ఎవరి దగ్గర ఉంటున్నారు, మీతో పాటు దరఖాస్తు చేస్తున్నారా లేదా అనేవి రాస్తే సరిపోతుంది.

దాచడం వల్ల కలిసొచ్చేదేమీ లేదు. పోయేది మాత్రం చాలా ఉంది. మీవారి విడాకుల కాగితంలోనో పాత దరఖాస్తుల్లోనో ఆ పిల్లల పేర్లు ఉండే ఉంటాయి. ఒకచోట ఇద్దరు పిల్లలు, ఇంకోచోట ఎవరూ లేరు అని ఉంటే ఆఫీసర్ దాన్ని మరపు అనుకోరు, అబద్ధం అనుకుంటారు. తప్పుడు సమాచారం ఇచ్చారన్న కారణమొక్కటే వీసా తిరస్కరించడానికి సరిపోతుంది. ఆ మచ్చ తర్వాతి దరఖాస్తుల్లోనూ వెంటాడుతుంది.

నా బాబును మా అమ్మ దగ్గర వదిలి వెళ్తున్నాను. వాడిని కూడా రాయాలా?

రాయాలి. ఇప్పుడు దరఖాస్తు చేయడం లేదని అక్కడే చెప్పండి. రేపు వాడిని పిలిపించుకోవాలంటే ఈ ఫారమే మీకు సాక్ష్యం. తల్లి ఫారంలో లేని బిడ్డ రెండేళ్ల తర్వాత ఊడిపడితే మొదటి ప్రశ్న, "అప్పుడెందుకు చెప్పలేదు?" అనే వస్తుంది. ఎవరి దగ్గర ఉంటున్నాడు, చదువు ఎక్కడ, ఖర్చు ఎవరు చూస్తారు అనేది కవర్ లెటర్‌లో నాలుగు వాక్యాల్లో రాయండి.

మావారి పిల్లల కాగితాలు వాళ్లమ్మ ఇవ్వనంటోంది. పాస్‌పోర్టు కాపీలు లేకపోతే రిఫ్యూజ్ చేస్తారా?

వీసా అడగని పిల్లల పాస్‌పోర్టు కాపీ తప్పనిసరి కాదు. ఉన్నంతలో మీవారి దగ్గర దొరికేవి చాలు: పిల్లల బర్త్ సర్టిఫికెట్ కాపీ, విడాకుల ఫైనల్ ఆర్డర్, కోర్టు చైల్డ్ అరేంజ్‌మెంట్స్ ఆర్డర్ (పిల్లలు ఎవరి దగ్గర ఉండాలో, ఎవరిని ఎప్పుడు కలవాలో చెప్పేది) ఇచ్చి ఉంటే అది, పిల్లలకు నెలనెలా పంపే డబ్బు కనిపించే బ్యాంకు స్టేట్‌మెంట్. ఇంగ్లండ్, వేల్స్‌లో 2022 ఏప్రిల్ 6 నుంచి మొదలైన విడాకుల కేసులకు ఫైనల్ ఆర్డర్ అంటారు, అంతకుముందు వాటికి డిక్రీ అబ్సొల్యూట్. వీసాకు తప్పనిసరిగా కావలసింది ఈ విడాకుల కాగితమే. పాత పెళ్లి చట్టప్రకారం ముగిసిందని చూపకపోతే మీ పెళ్లికే విలువ ఉండదు.

ఆ పిల్లలు మీ దరఖాస్తుకు బరువే అనుకోకండి. ఏదైనా నిబంధన దగ్గర తేడా వచ్చి, "మీరిద్దరూ ఇండియాలోనే ఉండొచ్చుగా" అనే మాట వస్తే, వారం వారం తండ్రిని చూసే పిల్లలు ఇంగ్లండ్‌లో ఉన్నారన్నది గట్టి జవాబు. బ్రిటన్‌లో ఉన్న పిల్లల మేలును ఇమిగ్రేషన్ నిర్ణయాల్లో చూడాలని అక్కడి 2009 చట్టంలోని 55వ సెక్షన్ చెబుతుంది. అందుకే వాళ్లను ఆయన ఎప్పుడెప్పుడు కలుస్తారో చూపించే ఆధారం ఉంటే పెట్టండి.

నా పాప నాతో వస్తోంది. నా ఫారంలో చేరిస్తే సరిపోతుందా?

సరిపోదు. పాపకు విడిగా ఫారం, విడిగా ఫీజు, విడిగా అపాయింట్‌మెంట్. 2025 ఏప్రిల్ 9న బయటి దేశం నుంచి చేసే దరఖాస్తు ఫీజు మనిషికి 1,938 పౌండ్లు అయింది, పిల్లలకూ అంతే. పైన హెల్త్ సర్‌చార్జ్ (అక్కడి ప్రభుత్వ వైద్యం కోసం ముందే కట్టే రుసుము) ఏడాదికి పెద్దలకు 1,035, పద్దెనిమిది నిండని పిల్లలకు 776 పౌండ్లు. వీసా 33 నెలలకు ఇస్తారు కానీ సర్‌చార్జ్ మూడేళ్లకు కట్టించుకుంటారు, అంటే మీకు 3,105, పాపకు 2,328. ఆ లెక్కన తల్లీబిడ్డలకు మొత్తం 9,309 పౌండ్లు. రూపాయల్లో పది లక్షలు దాటుతుంది. ఫీజులు మామూలుగా ఏప్రిల్‌లో మారుతుంటాయి, కట్టే రోజు గవ్.యూకే పేజీలో ఒకసారి చూసుకోండి.

పిల్లలు ఉంటే మా ఆయన ఆదాయం ఎక్కువ ఉండాలా?

ఇప్పుడు కొత్తగా వెళ్లేవాళ్లకు అవసరం లేదు. 2024 ఏప్రిల్ 11 నుంచి కనీస ఆదాయం ఏడాదికి 29,000 పౌండ్లు, పిల్లలు ఎంతమంది ఉన్నా అదే. అంతకుముందు 18,600 ఉండేది, మొదటి బిడ్డకు 3,800, తర్వాత ఒక్కొక్కరికి 2,400 కలిపేవాళ్లు. ఒక బిడ్డకు 22,400, ఇద్దరికి 24,800 అని ఇప్పటికీ చెప్పేవాళ్లు ఉన్నారు. ఆ లెక్క ఆ తేదీకి ముందే ఈ రూట్‌లో ఉండి, అదే భాగస్వామితో పొడిగించుకునేవాళ్లకు మాత్రమే.

ఇక్కడ చూసేది టాక్స్ పోకముందు జీతం. కాబట్టి మీవారు మొదటి పిల్లలకు కట్టే మెయింటెనెన్స్‌ను ఆ 29,000లోంచి తీసేయరు. ఆయనకు చైల్డ్ బెనిఫిట్ (పిల్లల కోసం అక్కడి ప్రభుత్వం ఇచ్చే డబ్బు) వస్తుంటే దాన్ని ఆదాయంలో కలపరు. ఇండియాలో మీ ఉద్యోగం జీతమూ లెక్కకు రాదు. సేవింగ్స్ మీదే వెళ్లాలంటే 88,500 పౌండ్లు ఆరు నెలలుగా ఖాతాలో ఉండాలి.

రెండు బెడ్‌రూముల ఇంట్లో ఇంతమంది ఎలా అని అడుగుతారా?

అడగవచ్చు. ఇంగ్లండ్‌లో దీనికి 1985 హౌసింగ్ చట్టంలో లెక్క ఉంది. బెడ్‌రూమే కాదు, హాలు కూడా గదిగానే లెక్క, కిచెన్ లెక్కకు రాదు. ఒక గదికి ఇద్దరు, రెండు గదులకు ముగ్గురు, మూడింటికి అయిదుగురు, నాలుగింటికి ఏడున్నర. అర మనిషి ఏమిటా అనుకోకండి: ఏడాది నుంచి పదేళ్లలోపు బిడ్డ సగం, ఏడాది లోపు బిడ్డ సున్నా. పదేళ్లు దాటిన ఆడపిల్ల, మగపిల్లాడు ఒకే గదిలో పడుకోవలసి రాకూడదు.

ఉదాహరణకు రెండు బెడ్‌రూములు, ఒక హాలు. మొగుడూ పెళ్లాం, పన్నెండేళ్ల అమ్మాయి, ఎనిమిదేళ్ల బాబు: మొత్తం మూడున్నర. అయిదుగురికి సరిపోయే ఇల్లు కాబట్టి ఇబ్బంది లేదు. శని, ఆదివారాల్లో వచ్చే ఆయన పిల్లల సంగతి కూడా కవర్ లెటర్‌లో ఒక మాట రాయండి. ఫలానా పిల్లలు నెలకు రెండుసార్లు వస్తారు, ఫలానా గదిలో పడుకుంటారు అని. అద్దె ఇల్లయితే అగ్రిమెంట్‌లో మీకు, పాపకు ఉండే అనుమతి ఉందో లేదో చూసి, లేకపోతే ఓనర్ దగ్గర ఉత్తరం తీసుకోండి.

"సోల్ రెస్పాన్సిబిలిటీ" అంటే ఏమిటి? నా కేసంతా దీని మీదే ఉందంటున్నారు.

అంటే బిడ్డ పెంపకం బాధ్యత మీ ఒక్కరిదే కావడం. మీ బిడ్డకు మీ కొత్త భర్త కన్నతండ్రి కాకపోతే ఈ ప్రశ్న వస్తుంది. ఆయనే తండ్రి అయితే రాదు, బర్త్ సర్టిఫికెట్ చాలు.

బ్రిటన్ ఇమిగ్రేషన్ నియమాల్లో కుటుంబ వీసాల భాగమైన అపెండిక్స్ ఎఫ్ఎం ప్రకారం మీరు వీటిలో ఒకటి చూపాలి. బిడ్డ పెంపకం బాధ్యత పూర్తిగా మీదే అయి ఉండాలి, ఇప్పటికీ అలాగే సాగుతూ ఉండాలి. లేదా బిడ్డ మామూలుగా మీ దగ్గరే ఉంటూ, రెండో తల్లి లేదా తండ్రి దగ్గర ఉండకుండా ఉండాలి. ఈ రెండూ కుదరకపోతే, బిడ్డను రానివ్వకపోవడం తగదనే బలమైన కారణాలు ఉండాలి. విడాకులైన నాటి నుంచి బిడ్డ మీ ఇంట్లోనే పెరుగుతుంటే రెండోది తేలిక. చాలామంది దీన్ని వదిలేసి మొదటిదానికే తంటాలు పడతారు.

మీరు ఉద్యోగానికి బెంగళూరులో, బిడ్డ తెనాలిలో అమ్మమ్మ దగ్గర ఉంటే కథ వేరు. అప్పుడు మొదటిదే చూపాలి. ఇమిగ్రేషన్ అప్పీళ్లు వినే బ్రిటన్ ట్రిబ్యునల్ 2006లో ఒక యెమెన్ కుటుంబం కేసులో చెప్పిన మాట ఇప్పటికీ కొలబద్ద: రోజూ అన్నం పెట్టేది ఎవరన్నది కాదు, బిడ్డ జీవితంలో ముఖ్యమైన నిర్ణయాలన్నీ ఎవరు తీసుకుంటున్నారు, పెంపకం ఎవరి అదుపులో ఉంది అన్నది చూడాలి. అమ్మమ్మ జడ వేసి బడికి పంపినంత మాత్రాన మీ బాధ్యత పోదు. అలాగని నెలనెలా డబ్బు పంపినంత మాత్రాన నిరూపణ కూడా కాదు.

మరి నిర్ణయాలు ఎలా చూపిస్తాం? ఏ స్కూల్లో చేర్చాలో నిర్ణయించి అడ్మిషన్ ఫారం మీద సంతకం పెట్టింది మీరే కదా, దాని కాపీ. ప్రోగ్రెస్ కార్డుల మీద మీ సంతకాలు. స్కూల్ లెటర్‌హెడ్ మీద ప్రిన్సిపల్ ఉత్తరం: "ఈ విద్యార్థిని విషయాలన్నీ తల్లితోనే మాట్లాడతాం, ఫీజులు ఆమే కడతారు" అని. టీకాల కార్డు, ఆసుపత్రిలో ఆపరేషన్‌కు మీరు పెట్టిన సంతకం, టీచర్‌తో మీ వాట్సాప్ మాటలు. నాకు అన్నింటికంటే ఉపయోగపడింది పాప కళ్లద్దాల చీటీ. అంత చిన్న కాగితమా అని పక్కన పెట్టబోయాను. కానీ దాని మీద నా పేరు, ఫోన్ నంబర్, తేదీ ఉన్నాయి. ఆధార్, రేషన్ కార్డు కూడా ఒకే చిరునామా చూపిస్తే పెట్టండి.

ఒక హెచ్చరిక: తండ్రి పండగకోసారి వచ్చి చూసి వెళ్తుంటే "అసలు సంబంధమే లేదు" అని రాయకండి. ఎప్పుడో ఒకసారి రావడం వల్ల మీ కేసు పాడవదు. ఆ మాట అబద్ధమని తేలితే పాడవుతుంది.

కన్నతండ్రి అంగీకారం తప్పదా? ఆయన ఎక్కడున్నాడో కూడా తెలియదు.

అంగీకార పత్రం దొరికితే మంచిదే. ఆయన పేరు, బిడ్డ పేరు, ఎవరితో ఏ చిరునామాకు వెళ్తోంది, తనకు అభ్యంతరం లేదు అని రాసి సంతకం, నోటరీ, ఆయన గుర్తింపు కార్డు కాపీ. దొరకకపోతే దరఖాస్తు ఆగిపోదు. కస్టడీ మీకు ఇస్తూ ఫ్యామిలీ కోర్టు ఇచ్చిన ఆర్డర్ అన్నింటికంటే బలం. అది లేకపోతే ఎప్పటి నుంచి మాటల్లేవో, వెతకడానికి ఏం చేశారో చెబుతూ మీ అఫిడవిట్, మీ అమ్మానాన్నలదో అన్నయ్యదో మరొకటి. ఆయన చనిపోయి ఉంటే డెత్ సర్టిఫికెట్ చాలు.

అసలు చిక్కు అంతకుముందే, బిడ్డ ఇండియన్ పాస్‌పోర్టు దగ్గరే వస్తుంది. మైనర్ పాస్‌పోర్టుకు ఇద్దరి అంగీకారంతో అనెగ్జర్ డి అనే డిక్లరేషన్ ఫారం, ఒకరు అంగీకారం ఇవ్వకపోతే ఎందుకో చెబుతూ అనెగ్జర్ సి అడుగుతారు. వీసా పని మొదలుపెట్టకముందే ఇది ముగించుకోండి.

మాకు పెద్దమనుషుల సమక్షంలో స్టాంప్ పేపర్ మీద విడాకులయ్యాయి. సరిపోతుందా?

దాన్ని నమ్ముకుని వెళ్లకండి. కులాచారం ప్రకారం విడాకులను హిందూ వివాహ చట్టం పూర్తిగా కొట్టేయలేదు కానీ, అలాంటి ఆచారం ఉందని మీరే నిరూపించుకోవాలి. ఎక్కడో షెఫీల్డ్‌లో కూర్చున్న ఆఫీసర్‌కు మీ ఊరి పంచాయితీ కాగితం ఏం చెబుతుంది? కోర్టు డిక్రీ తీసుకోండి. ఆలస్యమవుతుంది, నిజమే. కానీ అదే డిక్రీలో బిడ్డ కస్టడీ కూడా రాయించుకుంటే రెండు పనులూ ఒకేసారి అవుతాయి.

పాప బర్త్ సర్టిఫికెట్‌లో నా పేరు ఒకలా, పాస్‌పోర్టులో ఇంకోలా ఉంది. ఏం చేయాలి?

తెలుగువాళ్లలో ఈ తలనొప్పి లేని ఇల్లు అరుదు. మనకు ఇంటిపేరు ముందు, వాళ్లకు చివర. పదో తరగతి మెమోలో ఇంటిపేరుకు ఒక్క అక్షరం, ఆధార్‌లో పూర్తిగా, పాస్‌పోర్టులో సర్‌నేమ్ ఖాళీ. పాప పుట్టినప్పుడు ఆసుపత్రిలో తల్లి పేరు దగ్గర "లక్ష్మి" అని మాత్రమే రాసి ఉంటారు. మీ పాస్‌పోర్టులో వెంకట నాగ లక్ష్మి అని పుట్టింటి పేరుతో ఉంటుంది. ఇవన్నీ ఒకే మనిషివని మనకు చెప్పకుండానే తెలుస్తుంది. పరాయి దేశంలో ఫైలు చూసేవాళ్లకు ముగ్గురు ఆడవాళ్లు కనిపిస్తారు.

దిద్దించుకోగలిగితే దిద్దించుకోండి. బర్త్ సర్టిఫికెట్ సవరణకు ఎక్కడ నమోదైందో ఆ మున్సిపాలిటీ లేదా పంచాయతీలో అడగాలి. టైమ్ లేకపోతే, "ఈ పేర్లన్నీ ఒక్కరివే" అంటూ నోటరీ అఫిడవిట్ చేయించి, ఏ కాగితంలో ఏ పేరుందో వరుసగా రాసి పెట్టండి. ఇంటిపేరు సంప్రదాయం గురించి కవర్ లెటర్‌లో రెండు వాక్యాలు చాలు, వ్యాసం రాయక్కర్లేదు. బిడ్డకు కన్నతండ్రి ఇంటిపేరు ఉండి మీకు వేరేది ఉంటే కంగారుపడి బిడ్డ పేరు మార్చకండి. ఆ ఇంటిపేరు తప్పు కాదు, బర్త్ సర్టిఫికెట్‌తో కలిసే ఉంది కదా.

తెలుగులో మాత్రమే ఉన్న కాగితాలకు ఇంగ్లీషు అనువాదం కావాలి. అనువాదం సరైనదేనన్న మాట, తేదీ, అనువాదకుడి పూర్తి పేరు, సంతకం, ఫోన్ నంబరో చిరునామానో దాని మీద ఉండాలి.

బర్త్ సర్టిఫికెట్ అసలు తీసుకోనేలేదు.

ముందు మీసేవలోనో మున్సిపాలిటీలోనో నమోదైందో లేదో వెతికించండి. చాలాసార్లు ఆసుపత్రి వాళ్లు పంపే ఉంటారు, బిడ్డ పేరు మాత్రమే ఉండదు. పేరు పదిహేనేళ్ల లోపు చేర్పించుకోవచ్చు. నమోదే కాకపోయి, ఏడాది దాటితే జిల్లా మేజిస్ట్రేట్ లేదా సబ్ డివిజనల్ స్థాయి అధికారి ఉత్తర్వు కావాలి. జనన మరణాల నమోదు చట్టాన్ని 2023లో సవరించకముందు అందులో ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ ఉత్తర్వు అని ఉండేది.

మా ఆయన బ్రిటిష్ పౌరుడు. మా బాబు హైదరాబాద్‌లో పుట్టాడు. వాడికీ వీసా తీసుకోవాలా?

దరఖాస్తు ఫీజు కట్టకముందే ఇది తేల్చుకోండి. బాబు పుట్టేనాటికే మీవారు బ్రిటన్‌లో పుట్టడం వల్లనో, అక్కడ నాచురలైజ్ కావడం (దరఖాస్తు చేసి పౌరసత్వం పొందడం) వల్లనో పౌరుడై ఉంటే బాబు పుట్టుకతోనే బ్రిటిష్. వాడికి వీసా కాదు, బ్రిటిష్ పాస్‌పోర్టు కావాలి. ఇక్కడ తేదీలే ముఖ్యం. బాబు 2021లో పుట్టి, ఆయన పౌరసత్వ ప్రమాణం 2022లో చేసి ఉంటే ఇది వర్తించదు. అప్పుడు బాబు మీతో పాటే వీసా దరఖాస్తు చేయాలి. ఆయనే విదేశంలో పుట్టి తండ్రి ద్వారా పౌరుడైతే మళ్లీ వేరే కథ, తర్వాతి తరానికి అది దానంతట అది రాదు.

బాబు బ్రిటిష్ అయినా మీ ఫారంలో మాత్రం వాడి పేరు ఉండాలి. ఇండియాలో పుట్టి బ్రిటిష్ పాస్‌పోర్టు తీసుకున్న పిల్లలు దేశం దాటడానికి ఎఫ్ఆర్ఆర్ఓ (విదేశీయుల నమోదు కార్యాలయం) నుంచి ఎగ్జిట్ పర్మిట్ తీసుకోవాలి. టికెట్లు కొనేముందే ఆ పని చూసుకోండి.

అమ్మాయికి వచ్చే నెల పద్దెనిమిది నిండుతాయి.

ఈ నెలలోనే దరఖాస్తు చేయండి. దరఖాస్తు తేదీకి పద్దెనిమిది నిండకూడదు. నిర్ణయం వచ్చేలోపు నిండినా ఫరవాలేదు. పెళ్లి కాకూడదు, సొంతంగా వేరే సంసారం ఉండకూడదు. నిండిపోతే మీ డిపెండెంట్‌గా ఈ దారిలో రావడం కుదరదు.

మా అక్క కొడుకును దత్తత తీసుకుని పెంచుతున్నాం. రాయొచ్చా?

రాయాలి. కానీ 1956 హిందూ దత్తత చట్టం ప్రకారం ఇంట్లో జరిపించుకున్న దత్తతను బ్రిటన్ నేరుగా గుర్తించదు. ఈ కేసు మటుకు సొంతంగా చేసుకోకండి.

టీబీ టెస్ట్, ఇంగ్లీషు పరీక్ష, వేలిముద్రలు పిల్లలకు కూడానా?

ఇంగ్లీషు పరీక్ష పిల్లలకు లేదు. టీబీ సర్టిఫికెట్ కావాలి. పదకొండేళ్లలోపు పిల్లలకు మామూలుగా ఎక్స్‌రే తీయరు, డాక్టర్ ప్రశ్నలడిగి సర్టిఫికెట్ ఇస్తారు. అందుకని బిడ్డను క్లినిక్‌కు తీసుకెళ్లకుండా ఉండొద్దు. సర్టిఫికెట్ ఆరు నెలలే చెల్లుతుంది. మరీ ముందుగా చేయించి గడువు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. అయిదేళ్లలోపు పిల్లలకు వేలిముద్రలు ఉండవు, ఫొటో ఒక్కటే.

డీఎన్ఏ టెస్ట్ చేయించి పెడితే గట్టిగా ఉంటుంది కదా?

బర్త్ సర్టిఫికెట్ సరిగ్గా ఉంటే డబ్బు దండగ. డీఎన్ఏ తప్పనిసరి అని వాళ్లు అడగకూడదు. అలా కొందరిని అడిగినందుకు 2018 అక్టోబర్‌లో అప్పటి హోం మంత్రి సాజిద్ జావిద్ పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. నమోదు బాగా ఆలస్యంగా అయి, కాగితాల్లో తండ్రి ఎవరన్నది తేలకపోతే మీరంతట మీరు పెట్టుకోవచ్చు.

కవర్ లెటర్‌లో పిల్లల గురించి ఎంత రాయాలి?

ఒక్కో బిడ్డకు ఒక పేరా. పేరు, వయసు, ఎవరి బిడ్డ, ఇప్పుడు ఎవరి దగ్గర, వస్తోందా లేదా, దానికి ఫైల్లో ఏ కాగితం చూడాలి. నా మొదటి డ్రాఫ్ట్‌లో నా కష్టాలన్నీ రెండు పేజీలు రాశాను. చూసిన సలహాదారు పెన్నుతో అడ్డంగా కొట్టేసి, "మీ పాప ఏ స్కూలో ఇందులో లేదే" అన్నారు.

నేను ముందు వెళ్లి, పాపను పరీక్షలయ్యాక పిలిపించుకోవచ్చా?

పిలిపించుకోవచ్చు. మీకు భాగస్వామి వీసా ఉన్నంత కాలం పాప తర్వాత దరఖాస్తు చేయొచ్చు. పాప వీసా మీ వీసాతో పాటే ముగుస్తుంది. ఇక్కడ ఒక లాభం, ఒక నష్టం. పాప సర్‌చార్జ్ తక్కువ కాలానికే పడుతుంది. కానీ ఆ ఏడాది పాప మీ దగ్గర ఉండదు కాబట్టి "మామూలుగా తల్లి దగ్గరే ఉంటుంది" అన్న తేలిక దారి బలహీనపడి, నిర్ణయాలన్నీ నావే అని చూపించే పని మీద పడుతుంది. వెళ్లాక కూడా స్కూలుతో మీరే మాట్లాడుతూ ఉండండి, ఫీజు మీ ఖాతా నుంచే కట్టండి, రసీదులు దాచమని అమ్మకు చెప్పి వెళ్లండి.